పెరుగు, మామిడిపండు కలిపి చేసిన పుల్ల ఐసు రాయిలా గట్టిపడుతోంది, మెత్తగా రావాలంటే ఏం చేయాలి?

చల్లకుండ
వేసవి సెలవులు మొదలైనప్పటి నుంచి మా పిల్లలిద్దరూ వీధి చివర ఐసు బండి గంట వినపడగానే పరుగు తీస్తున్నారు. ఆ ఐసులో ఏ నీళ్లు పోస్తారో తెలియదు కనుక, ఇంట్లోనే పెరుగు, పండ్లు కలిపి పుల్ల ఐసు చేయడం మొదలుపెట్టాను. టోన్డ్ పాల ప్యాకెట్టుతో తోడుపెట్టిన పెరుగు రెండు కప్పులు, బంగినపల్లి గుజ్జు ఒక కప్పు, పంచదార రెండు చెంచాలు మిక్సీలో తిప్పి, చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి, పుల్లలు గుచ్చి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచుతున్నాను. తెల్లవారేసరికి అది పంటికి లొంగడం లేదు. పిల్లలు చీకుతుంటే రంగూ తీపీ ముందే వచ్చేసి, చివరికి పుల్లకు తెల్లటి మంచుగడ్డ ఒక్కటే మిగులుతోంది. బజారు క్రీము, డబ్బా పాలు వాడకుండా, కొత్తగా యంత్రం ఏదీ కొనకుండా, కొరికితే తెగేటంత మెత్తగా చేసే పద్ధతి ఎవరికైనా తెలిస్తే వివరంగా రాయండి. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి మూడేళ్లు.

లెక్కల_మాస్టారు
మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణం ఒక్కటే. పెరుగులో నూటికి 85 పాళ్లకు పైగా, మామిడి గుజ్జులో 80 పాళ్లకు పైగా ఉండేది నీరే. ఆ మిశ్రమం నెమ్మదిగా చల్లబడేటప్పుడు మొదట నీరు మాత్రమే స్ఫటికాలుగా విడిపోతుంది. పంచదార, పండు రసం, పెరుగు పులుపు మిగిలిన కొద్దిపాటి ద్రవంలోకి చేరి అంతకంతకూ చిక్కబడుతూ, ఆ స్ఫటికాల సందుల్లో నిలిచిపోతాయి. పిల్లలు చీకినప్పుడు ముందుగా నోట్లోకి వచ్చేది ఆ చిక్కటి ద్రవమే కనుక, తరువాత మిగిలేది రుచిలేని మంచు.

దీనికి మార్గాలు మూడు ఉన్నాయి. మిశ్రమంలో నీటిని తగ్గించవచ్చు, గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించే పదార్థాలను పెంచవచ్చు, లేదా వీలైనంత త్వరగా గడ్డకట్టించి స్ఫటికాలు పెద్దవి కాకుండా చూడవచ్చు. మూడు కప్పుల మిశ్రమానికి రెండు చెంచాల పంచదార ఏ మూలకూ చాలదు. కిలో నీటిలో సుమారు 340 గ్రాముల పంచదార కరిగించినా గడ్డకట్టే స్థానం 2 డిగ్రీల మేరకే దిగుతుంది. తేనె అయితే అందులో ఉన్నవి గ్లూకోజు, ఫ్రక్టోజు కనుక అదే బరువుకు ఎక్కువ ప్రభావం చూపుతుంది, పైగా ఐసు మెత్తగా వస్తుంది. చలిలో నాలుకకు తీపి సరిగా తెలియదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫ్రీజర్‌లోకి వెళ్లే ముందు మిశ్రమం కొంచెం ఎక్కువ తీపిగా అనిపిస్తేనే బయటికి వచ్చాక సరిపోతుంది.

ఇక పాల విషయం. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే ఉంటుంది, ఫుల్ క్రీమ్ ప్యాకెట్టులో 6 శాతం ఉంటుంది. వెన్న గడ్డకట్టే స్ఫటికాలకు అడ్డుపడి ఐసును నోటికి మెత్తగా తోపిస్తుంది కనుక, ముందు ప్యాకెట్టు మార్చి చూడండి.

మీగడ_తరకలు
మాస్టారు గారు మూడు మార్గాలు చెప్పి పంచదార మీదే ఎక్కువసేపు నిలిచారు. పిల్లల కోసం బయటి ఐసు మానిపించి, ఇంట్లో దానికన్నా ఎక్కువ పంచదార పోసి పెట్టడం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. అసలు పని మొదటి మార్గంలో ఉంది. పెరుగులో నీరు తీసేయండి, మిగతా రెండూ సగం వాటంతట అవే సర్దుకుంటాయి.

ఫుల్ క్రీమ్ పాలను ఒక పొంగు రాగానే దించేయకుండా, సన్నని మంట మీద కలుపుతూ పది పదిహేను నిమిషాలు మరగనివ్వండి. అంతసేపు వేడి తగిలితే పాలలోని మాంసకృత్తుల అమరిక మారి, తోడుకున్న పెరుగు నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. గోరువెచ్చగా ఉండగా తోడు వేసి, తోడుకున్న వెంటనే, పులవకముందే ఫ్రిజ్‌లోకి మార్చండి. బాగా చల్లబడ్డాక పాత పంచె గుడ్డో, పలచటి నూలు గుడ్డో ఉతికి తడిపి పిండి, అందులో పెరుగు మూటగట్టి, చిల్లుల గిన్నెలో పెట్టి, కింద మరో గిన్నె ఉంచి, ఫ్రిజ్‌లోనే రాత్రంతా వదిలేయండి. చాలామంది కుళాయికో తలుపు గడియకో వేలాడదీస్తారు కానీ ఈ ఎండల్లో అలా చేస్తే పొద్దుటికి పెరుగు నోట పెట్టలేనంత పులిసిపోతుంది. లీటరు పెరుగులో ఇంచుమించు సగం బరువు నీరుగా దిగిపోతుంది. మిగిలిన ముద్దలో పండు గుజ్జు, కాస్త తేనె కలిపితే ఆ ఐసును పంటితో కొరకవచ్చు.

ఉప్పుకారం
ఆ దిగిన నీటిని పారబోయకండి. చపాతీ పిండి కలపడానికైనా, మజ్జిగ చారుకైనా పనికి వస్తుంది. మా ఇంట్లో పెరుగు ఐసు చేసిన మర్నాడు తప్పనిసరిగా మజ్జిగ చారే ఉంటుంది కాబట్టి, ఆ రోజు భోజనానికి వచ్చే చుట్టాలు ఐసు ఏదని అడిగి చారు తాగి వెళ్తుంటారు.

లెక్కల_మాస్టారు
మీగడ తరకలు గారు, పెరుగును వడకట్టడం మంచిదే, నేను దానిని కాదనలేదు. అయితే నీరు తీసిన తరువాత కూడా మిగిలిన దానిలో ఎక్కువ భాగం నీరే. పండు గుజ్జు కలపగానే మళ్లీ నీరు వచ్చి చేరుతుంది. కనుక గుజ్జు సంగతి చూడకుండా పెరుగును ఎంత వడకట్టినా పని సగమే అవుతుంది.

నూజివీడు_తోట
గుజ్జు సంగతి నేను చెబుతాను. బంగినపల్లి ముక్కలుగా తినడానికి మేలైన పండు, పీచు తక్కువ. పెరుగు పులుపు పక్కన నిలబడగల ఘాటైన వాసన, రుచి మాత్రం రసాలకే ఉంటాయి. చిన్న రసం గానీ పెద్ద రసం గానీ తీసుకుని, రసం పిండి, పీచు పోయేలా జల్లెడలో వడకట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పావు వంతు పంచదార వేసి, సగానికి దగ్గరపడే దాకా సన్నని మంట మీద కలుపుతూ ఉండండి. దించాక నిమ్మకాయ పిండండి. పూర్తిగా చల్లారిన తరువాత వడకట్టిన పెరుగులో కలపాలి. అప్పుడు మాస్టారు గారి లెక్క, మీగడ తరకలు గారి పద్ధతి రెండూ కలుస్తాయి.

నేను చేసే పని ఇంకొకటి ఉంది. మామిడి తాండ్రను గోరంత ముక్కలుగా కోసి పెరుగులో కలుపుతాను. తాండ్రలో నీరు అతి తక్కువ, తీపి ఎక్కువ కనుక ఫ్రీజర్‌లో ఎంతసేపు ఉన్నా అది గట్టి మంచుగడ్డగా మారదు, నమిలితే సాగుతుంది. తాజా మామిడి ముక్కలు వేస్తే ఒక్కొక్కటీ ఒక్కో ఐసు బిళ్లగా మారి పళ్లు జివ్వుమంటాయి.

డల్లాస్_దోసెలు
ఇక్కడ మాకు మూట కట్టే పని లేదు, ముందే వడకట్టిన గ్రీకు పెరుగు అంగట్లోనే దొరుకుతుంది. కానీ కొనేటప్పుడు డబ్బా మీద వెన్న శాతం చూసుకోవాలి. వెన్న పూర్తిగా తీసేసిన రకంతో చేస్తే గట్టిగా, సుద్ద నమిలినట్లు వస్తుంది, వెన్న తీయని రకంతో బాగా వస్తుంది. మామిడికి మాత్రం భారతీయ దుకాణాల్లో దొరికే డబ్బా గుజ్జే దిక్కు. అందులో చాలావాటికి ముందే పంచదార కలిపి ఉంటుంది కనుక, విడిగా తీపి వేసే ముందు రుచి చూడడం మంచిది. తాండ్ర ఆలోచన నాకు చాలా నచ్చింది. అమ్మ పంపిన పొట్లం అల్మారాలో ఉంది, దానికి ఇన్నాళ్లకు పని దొరికింది.

ఉప్పుకారం
తాండ్ర పొట్లం ఇన్నాళ్లు అల్మారాలో మిగిలి ఉందంటే మీ ఇంట్లో పిల్లలు లేరని అర్థమవుతోంది.

చల్లకుండ
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక సంగతి చెప్పడం మరిచాను. మాది ఒంటి తలుపు ఫ్రిజ్. పైన ఉన్న ఐసు పెట్టెలో గోడల నిండా మంచు పేరుకుని, రెండు ట్రేలు పట్టే చోటు మాత్రమే ఉంటుంది. మధ్యాహ్నం పూట గంటో రెండు గంటలో కరెంటు పోతుంది. మాస్టారు గారు చెప్పిన మూడో మార్గం, అంటే త్వరగా గడ్డకట్టించడం, ఇటువంటి ఫ్రిజ్‌లో సాధ్యమేనా?

శీతల_యంత్రం
ఫ్రిజ్‌లు బాగుచేయడం నా వృత్తి కనుక ఈ భాగం నాకు వదిలేయండి. రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఫ్రీజర్ భాగం సాధారణంగా మైనస్ 18 డిగ్రీల దగ్గర నడుస్తుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని ఐసు పెట్టె చాలాసార్లు అంత దూరం దిగదు, పైగా పెద్ద తలుపు తీసిన ప్రతిసారీ వేడెక్కుతుంది. గోడలకు పేరుకున్న మంచు చలిని పెంచుతుందని చాలామంది అనుకుంటారు, జరిగేది అందుకు విరుద్ధం. ఆ మంచు పొర చల్లటి లోహానికీ మీ గిన్నెకూ మధ్య అడ్డుగోడగా నిలుస్తుంది. ముందు డీఫ్రాస్ట్ మీట నొక్కి దానిని పూర్తిగా కరగనివ్వండి. చాకుతో గానీ అట్లకాడతో గానీ గీకవద్దు. కింద గ్యాసు గొట్టాలు ఉంటాయి, చిల్లు పడితే ఐసు మాట అటుంచి ఫ్రిజ్ బాగు చేయించడానికే బోలెడు ఖర్చవుతుంది.

పెట్టె శుభ్రమయ్యాక రెండు మూడు గంటల ముందు చలి మీటను చివరి అంకెకు తిప్పి ఉంచండి, పని పూర్తయ్యాక వెనక్కి తిప్పండి, లేకపోతే కింద అరలో కూరగాయలు గడ్డకడతాయి. అన్నింటికన్నా ముఖ్యమైనది మందం. మందం రెట్టింపయితే గడ్డకట్టే సమయం రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగింతలవుతుంది. మీ గ్లాసుల్లో మధ్య భాగానికి చలి చేరడానికి గంటల తరబడి పడుతోంది, ఆ లోపల స్ఫటికాలు తీరిగ్గా పెరుగుతున్నాయి. పుల్ల ఐసు ఆలోచన పక్కన పెట్టి, అంచు ఉన్న స్టీలు పళ్లెంలో వెన్న కాగితం పరిచి, పెరుగు మిశ్రమాన్ని అర సెంటీమీటరు మందాన పలకగా పరవండి. పైన పండ్ల ముక్కలు, జీడిపప్పు, తాండ్ర చల్లండి. పళ్లెం అడుగు కాస్త తడిచేసి పెట్టె నేలకు ఆనించి ఉంచితే మధ్యలో గాలి సందు లేకుండా చలి నేరుగా తగులుతుంది. గట్టిపడ్డాక చేత్తో విరిచి డబ్బాలో వేసుకోవచ్చు.

కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉండడమే మందు. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐసు ఎంత బాగా చేసినా ఇసుకలా అవుతుంది.

పాత_మండువా
కరెంటు లేని రోజుల్లో కూడా ఐసుక్రీము చేసేవారు. చెక్క పీపాలో ఐసు ముక్కలు, కల్లుప్పు పొరలు పొరలుగా వేసి, మధ్యలో లోహపు డబ్బా పెట్టి, పిడి పట్టుకుని చేత్తో తిప్పే పనిముట్టు మా ఇంట్లో ఉండేది. దాని అవసరం లేకుండానే అదే పని చేయవచ్చు. నలగ్గొట్టిన ఐసు మూడు పాళ్లు, కల్లుప్పు ఒక పాలు బకెట్టులో కలపండి. మూత గట్టిగా పట్టే స్టీలు క్యారియర్ గిన్నెలో పెరుగు మిశ్రమాన్ని సగానికి మించకుండా పోసి, ఆ ఐసులో కూర్చోబెట్టి, అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. ఐదారు నిమిషాలకొకసారి మూత తీసి, అంచులకు అంటుకున్నది చెక్క గరిటెతో గీకి మధ్యలోకి తోయండి. అలా కదులుతూ గడ్డకట్టినందువల్ల స్ఫటికాలు సన్నగా ఉంటాయి. మూత తీసేటప్పుడు ఉప్పునీరు లోపల పడకుండా చూసుకోవాలి, ఒక్క చుక్క పడినా తెలిసిపోతుంది.

లెక్కల_మాస్టారు
పాత మండువా గారు చెప్పిన పాళ్లు సరిగ్గా ఉన్నాయి. ఉప్పు తగలగానే ఐసు సున్నా కన్నా బాగా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలి, ఆ వేడిని మధ్యలో ఉన్న గిన్నె నుంచి లాగుకుంటుంది. ఐసు, ఉప్పు కలిపిన మిశ్రమం సిద్ధాంతం ప్రకారం మైనస్ 21 డిగ్రీల వరకు దిగగలదు. ఇంట్లో బకెట్టులో అంత దిగకపోయినా, చల్లకుండ గారి ఐసు పెట్టె కన్నా త్వరగానే పని అవుతుంది.

పాలమూరు_పోరడు
మేము దొడ్డుప్పుతో సరిగ్గా ఇదే పద్ధతిలో సీతాఫలం ఐసు చేస్తాం. ఒక మాట ముందే చెప్పాలి. ఆ బకెట్టులోని ఉప్పునీరు చెట్ల మొదట్లో పోయకండి. మా పక్కింటివారి కరివేపాకు చెట్టు అట్లాగే పోయింది.

అమ్మమ్మ_పెట్టె
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది. పులుపు పండ్లను పాలతో కలపడాన్ని ఆయుర్వేదం విరుద్ధాహారంగా చెబుతుంది, పెరుగును రాత్రిపూట తినవద్దంటుంది. పైగా చల్లగా, తీపిగా, పసిపిల్లలకు. మా ఇంట్లో అయితే సాయంత్రం దాటాక పెట్టనివ్వను.

ఉప్పుకారం
పెరుగన్నంలో మామిడిపండు నంజుకోని ఇల్లు కృష్ణా జిల్లాలో ఒక్కటి చూపించండి, ఇక ఐసు చేయడం మానేస్తాను.

అమ్మమ్మ_పెట్టె
నంజుకుంటాం, కాదనను. అయితే అది మధ్యాహ్నం పూట, అన్నంతో పాటు, మండే ఎండలో. ఎప్పుడు ఎంత పెట్టాలన్నదే నా మాట, అసలు పెట్టవద్దని అనలేదు.

నిర్వాహకుడు
ఆయుర్వేద చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ఐసు మీదే మాట్లాడుకుందాం.

మన్యం_గాలి
సీతంపేట సంతలో అనాసపండ్లు చవకగా దొరుకుతున్నాయని తెచ్చి, మీగడ తరకలు గారు చెప్పినట్లే వడకట్టిన పెరుగులో సన్నగా తరిగి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. గడ్డకట్టించే ముందు రుచి చూస్తే చేదుగా ఉంది, పెరుగు నీళ్లు విడిచింది. పండు తియ్యగానే ఉంది, పెరుగూ తాజాదే. ఎందుకిలా అయింది?

లెక్కల_మాస్టారు
తప్పు మీది కాదు, పెరుగుదీ కాదు. పచ్చి అనాసలో బ్రోమలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పెరుగులోని మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. బొప్పాయిలో పపైన్, కివీ పండులో ఆక్టినిడిన్ ఇదే పని చేస్తాయి. గడ్డకట్టిస్తే ఈ ఎంజైములు చావవు, వాటి పని నెమ్మదిస్తుందంతే, కరగగానే మళ్లీ మొదలవుతుంది. వేడి తగిలితే మాత్రం పనిచేయవు. అనాస ముక్కలను పంచదారతో కలిపి ఐదు నిమిషాల పాటు బాగా ఉడికించి, చల్లార్చి కలపండి. నూజివీడు తోట గారు మామిడికి చెప్పినట్లు దగ్గరపడేదాకా ఉడికిస్తే నీరు కూడా తగ్గుతుంది. అసలు ఏ పండునైనా ఉడికించి కలపడమే మేలు.

పాలమూరు_పోరడు
మాస్టారు గారు, ఆ చివరి వాక్యంతో మాత్రం నేను ఏకీభవించను. సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. దాన్ని పచ్చిగానే వాడాలి. బాలానగర్ సీతాఫలాలు దసరా దీపావళి రోజుల్లో దండిగా వస్తాయి, అప్పుడే గుజ్జు తీసి, నిమ్మరసం కలిపి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వేసవికి పనికి వస్తుంది. గింజలతో సహా మిక్సీలో మాత్రం ఎన్నడూ వేయకండి, ఆ గింజల పొడి కంట్లో పడితే ప్రమాదం, కడుపులోకి పోవడం కూడా మంచిది కాదు. జల్లెడ మీద చేత్తో రుద్ది గుజ్జు దించుకోవాలి. ఆలస్యమైనా అదే పద్ధతి.

లెక్కల_మాస్టారు
సీతాఫలాన్ని మినహాయిస్తున్నాను. అరటికి కూడా ఉడికించడం అక్కరలేదు.

షుగర్_ఉన్నవాణ్ణి
పిల్లల సంగతి సరే. నాబోటివాడు పంచదార బదులు తీపి బిళ్లలు వేసి ఇదే చేసుకోవచ్చా?

లెక్కల_మాస్టారు
తీపి వస్తుంది కానీ మెత్తదనం రాదు. తీపి బిళ్లలు చిటికెడు వేస్తే చాలు కనుక గడ్డకట్టే స్థానం మీద వాటి ప్రభావం ఉండదు, మీకు మిగిలేది తియ్యటి రాయి. వడకట్టిన పెరుగుతో పలుచగా పరిచి, ఫ్రీజర్ నుంచి తీశాక పది నిమిషాలు ఆగి తినడమే దారి. పండులోని తీపి కూడా లెక్కలోకి వస్తుంది కనుక ఎంత తినవచ్చో మీ డాక్టరును అడగండి.

రెండో_అంతస్తు
బాగా మగ్గిన అరటిపండ్లను గుండ్రంగా కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించి, ఆ ముక్కలను వడకట్టిన పెరుగుతో కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పితే వెంటనే మెత్తటి ఐసుక్రీము వస్తుంది. పంచదార అక్కరలేదు. మచ్చలు పడిన చక్కెరకేళి అయితే ఇంకా బాగుంటుంది. ఫ్రీజర్ నుంచి తీయగానే తిప్పకుండా ఐదు నిమిషాలు ఆగండి, లేకపోతే మిక్సీ మోటారు మీద భారం పడుతుంది. దీన్ని అప్పటికప్పుడు తినాలి, మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడుతుంది.

పిల్లల_నర్సు
మూడేళ్ల పాప ఉంది కనుక కొన్ని జాగ్రత్తలు చెబుతున్నాను. ద్రాక్షపండ్లను గడ్డకట్టించి పిల్లలకు పెట్టడం ఈ మధ్య చాలామంది చేస్తున్నారు. గుండ్రటి ద్రాక్ష చిన్నపిల్లల గొంతులో సరిగ్గా ఇరుక్కునే పరిమాణంలో ఉంటుంది, గడ్డకట్టాక మరింత ప్రమాదం. నిలువుగా నాలుగు ముక్కలు చేసి, పెరుగులో కలిపి పెట్టండి. పైన చల్లే జీడిపప్పు, బాదం ఆ వయసు వారికి పలుకులుగా కాకుండా పొడి చేసి వేయండి. ఏడాది నిండని బిడ్డలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, దానివల్ల బొటులిజం అనే జబ్బు వచ్చే అవకాశం ఉంది. పుల్ల నోట్లో పెట్టుకుని పరుగెత్తనివ్వకండి. గడ్డకడితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయని అనుకోవద్దు, అవి ఊరుకుంటాయంతే. పండ్లు కడిగే నీరు, చేతులు, గుడ్డ శుభ్రంగా లేకపోతే బండి ఐసుకూ ఇంటి ఐసుకూ తేడా ఉండదు.

రెండో_అంతస్తు
అయితే పెరుగులోని మంచి సూక్ష్మజీవులు కూడా బతికే ఉంటాయా? లేక పోషకం అని పిల్లలకు పెట్టేది ఉత్త తీపేనా?

మీగడ_తరకలు
కొన్ని చస్తాయి, చాలావరకు బతుకుతాయి. ఊరికి వెళ్లేటప్పుడు నేను తోడును ఐసు ట్రేలో గడ్డకట్టించి వెళ్తాను. తిరిగి వచ్చాక ఒక బిళ్లను కరిగించి గోరువెచ్చటి పాలలో వేస్తే కాస్త ఆలస్యంగానైనా చక్కగా తోడుకుంటుంది. అవి చచ్చి ఉంటే పాలు తోడుకోవు కదా.

విశాఖ_తీరం
మా ఇంట్లో పెరుగు పలక అద్భుతంగా కుదిరింది, కానీ వంజరం వాసన వచ్చింది. వెన్న ఉన్న పదార్థం పక్కన ఏది ఉంటే దాని వాసన పట్టేస్తుంది. చేపలు పెట్టే ఫ్రీజర్ అయితే పలకను ముందు వెన్న కాగితంలో చుట్టి, ఆపైన మూత బిగుసుకునే డబ్బాలో పెట్టండి. అలా మూసి ఉంచితే పైభాగం ఎండిపోయి తెల్లబారకుండా కూడా ఉంటుంది.

ఉప్పుకారం
వంజరం ఐసు కొత్త రుచి. విశాఖలో బాగా అమ్ముడుపోతుంది.

బేకరీ_బాబాయ్
ఇంత శ్రమ ఎందుకో తెలియడం లేదు. అర లీటరు పాలలో ఒక పెద్ద చెంచా మొక్కజొన్న పిండి కలిపి జావగా కాచి చల్లార్చి, దాన్ని పెరుగులో కలిపి, నాలుగు చెంచాల పాలపొడి వేయండి. పిండి నీటిని పట్టేస్తుంది, పాలపొడి చిక్కదనం ఇస్తుంది. గుడ్డ, మూట, జల్లెడ ఏవీ అక్కరలేదు.

మీగడ_తరకలు
పని చేస్తుంది, కాదనను. కానీ పిండి రుచి పెరుగు తాజాదనాన్ని మింగేస్తుంది, పిల్లలు దాన్ని పాల ఐసు అంటారే తప్ప పెరుగు ఐసు అనరు. పాలపొడి వరకు ఒప్పుకుంటాను.

లెక్కల_మాస్టారు
పాలపొడి కూడా మితంగానే వేయాలి. అందులో ఉన్న పాల చక్కెర చల్లటి నీటిలో సరిగా కరగదు, ఎక్కువైతే కొన్నాళ్లకు స్ఫటికాలుగా మారి నాలుకకు ఇసుక తగిలినట్లు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో తినేసే ఐసుకు భయం లేదు.

బేకరీ_బాబాయ్
పిల్లలున్న ఇంట్లో ఐసు మూడు రోజులు ఉంటుందా మాస్టారూ?

చల్లకుండ
ఐసు పెట్టెలో మంచంతా కరిగించి, ఫుల్ క్రీమ్ పాల పెరుగును ఫ్రిజ్‌లో రాత్రంతా వడకట్టి, చిన్న రసాల గుజ్జును పంచదారతో దగ్గరపడేలా కాచి, తేనె కొంచెం వేసి, పళ్లెంలో పలుచగా పరిచాను. సగం పలక మీద తాండ్ర ముక్కలు, మిగతా సగం మీద తాజా బంగినపల్లి ముక్కలు చల్లాను. ఉదయం పెట్టినది మధ్యాహ్నానికి చేత్తో విరిగింది. పంటి కింద మంచు పలుకులు తగల్లేదు, చివరిదాకా ఒకే రుచి. నూజివీడు తోట గారు చెప్పినట్లు తాండ్ర సాగింది, తాజా ముక్కలు మాత్రం గట్టిపడ్డాయి. పెద్దవాడు తాండ్ర ఉన్న వైపంతా తానే తీసుకున్నాడు.

పలుచగా ఉన్నందువల్ల చేతిలోకి తీసుకోగానే కరగడం మొదలవుతోంది, చిన్నదాని మోచేతుల దాకా కారుతోంది. మరో సందేహం. పిల్లలకు పుల్ల లేకపోతే అది ఐసు కాదట. పుల్ల పెట్టే వీలు ఏమైనా ఉందా?

శీతల_యంత్రం
పళ్లాన్ని పెట్టెలో పెట్టిన ముప్పావు గంటకు, మిశ్రమం గట్టిపడుతూ ఉండగా, అంచు నుంచి లోపలికి పుల్లలను అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇంకో పలుచటి పొర పరవండి. అప్పుడు ఒక సెంటీమీటరు దాటదు కనుక త్వరగానే గడ్డకడుతుంది. సగం గట్టిపడ్డాక చాకుతో ఒక్కో పుల్ల చుట్టూ గీతలు పెట్టి ఉంచితే, తరువాత ఆ గీతల మీద విరుగుతుంది. మందం పెరిగినందువల్ల కరగడం కూడా కాస్త నెమ్మదిస్తుంది.

మీగడ_తరకలు
చిన్నదానికి పుల్ల వద్దు. చిన్న స్టీలు గిన్నెలో ముక్కలు వేసి చెంచా ఇవ్వండి, కారినది కూడా గిన్నెలోనే పడుతుంది.

నూజివీడు_తోట
రసాలు అయిపోయాక నేరేడు పండ్లు వస్తాయి. గింజ తీసిన గుజ్జును పంచదార, చిటికెడు ఉప్పుతో ఇలాగే కాచి వడకట్టిన పెరుగులో కలిపి చూడండి. ఆ వగరు పెరుగుతో బాగా కలుస్తుంది. బట్టల మీద మరక పోదు కనుక పాత చొక్కాలు తొడిగి పెట్టండి.

చల్లకుండ
నేరేడు మా వీధిలోకి ఇంకా రాలేదు. ఈలోగా మన్యం గాలి గారి అనాసను ఉడికించి చూస్తాను. మన్యం గాలి గారు, మీకు రెండోసారి చేదు పోయిందా?

మన్యం_గాలి
పోయింది. పంచదారతో పాటు రెండు లవంగాలు వేసి ఉడికించి, చల్లారాక లవంగాలు తీసేసి కలిపాను. పెరుగు నీళ్లు విడవలేదు. మీరు ఉడికించిన ముక్కలను జల్లెడలో వేసి రసం వేరు చేసి, ముక్కలు మాత్రమే కలపండి. ఆ రసాన్ని విడిగా పలుచటి పాకంలా కాచి, తినేముందు పలక మీద పోసుకోవచ్చు.